ఖర్చుకు హద్దు లేకపోతే పన్నుకు హద్దు ఎక్కడ?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారాను ఊళ్ళోకి రానివ్వలేదు. అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా రాత్రిపూట చదువుకోవడానికి కూర్చున్నవాళ్ళు, తమ ఇళ్ళు ఎందుకిలా ఉన్నాయని ఒకరినొకరు అడుగుతూ చివరికి సారా దుకాణం దగ్గర తేలారు. వాళ్ళలో ముందు నిలిచిన రోశమ్మ పేరు, ఆ ఊరి పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరులో సారాను నిషేధించారు. 1995 జనవరి 16 నుంచి ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. రెండేళ్ళు తిరిగేసరికి, 1997లో, చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని సడలించింది.

నాటుసారా కాస్తున్నారు, పక్క రాష్ట్రాల నుంచి సీసాలు దొంగతనంగా వస్తున్నాయి అని ప్రభుత్వం కారణాలు చెప్పింది. రెండూ నిజమే. వాటితో పాటు ఖజానాలో డబ్బు లేదన్న సంగతి కూడా దాచలేదు. నిషేధం నడుస్తుండగానే, 1996లో, కిలో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది. కరెంటు చార్జీలు కూడా పెరిగాయి.

ప్రభుత్వ ఖర్చుకు, పన్నులకు హద్దు ఉండాలనే వాదన గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఈ కథే. 1980లలో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే ప్యాకెట్లలో సారా పంపిణీ చేయించింది. పేదింటికి చవక బియ్యం ఇచ్చిన ప్రభుత్వానికి ఆ పేదింటి మగవాడి తాగుడు మీదే పెద్ద రాబడి వచ్చేది. ఎవరో చెడ్డవాళ్ళు కూర్చుని పన్నిన పన్నాగం కాదిది. ఖర్చు ముందు ఖాయమైపోయింది, రాబడి దాని వెనకాల వెతుక్కుంటూ వెళ్ళింది. అలా వెతికేటప్పుడు సులువుగా చేతికి దొరికేది మద్యం, పెట్రోలు, రిజిస్ట్రేషన్లు. మద్యం ఆదాయం మీద ఖజానా ఒకసారి ఆధారపడ్డాక దాన్ని వదిలించుకోవడం తాగేవాడికి ఎంత కష్టమో ప్రభుత్వానికీ అంతే కష్టం. ఇరవై ఏళ్ళు దాటాక కూడా ఆంధ్రప్రదేశ్‌లో, మద్యం మీద ముందుముందు రాబోయే ఆదాయాన్ని చూపించి కార్పొరేషన్ల పేరిట అప్పులు తెచ్చారు. రేపు తాగబోయేవాడి డబ్బు నిన్ననే ఖర్చయిపోయిందన్నమాట.

చూడాల్సింది ఖర్చు వైపు

పన్నులు తగ్గించాలని అడిగేవాళ్ళు చాలామంది. ఖర్చు తగ్గించాలని అడిగేవాళ్ళు తక్కువ. ఆర్థికశాస్త్రంలో మిల్టన్ ఫ్రీడ్‌మన్ వంటివాళ్ళు పదేపదే చెప్పిన మాట ఇక్కడే ఉంది: ప్రభుత్వం ఎంత ఖర్చు పెడుతుందో అదే అసలు పన్ను. ఈ ఒక్క మాట సరిగ్గా అర్థమైతే మిగతా చిక్కుముడులు చాలావరకు విడిపోతాయి.

ప్రభుత్వం దగ్గర సొంత డబ్బు ఉండదు. ఒక రూపాయి ఖర్చు పెట్టాలంటే మన దగ్గర పన్నుగా తీసుకోవాలి, లేదా అప్పు తేవాలి, లేదా రిజర్వు బ్యాంకు చేత కొత్త నోట్లు సృష్టింపజేయాలి. (ఆస్తులు అమ్మడం, ప్రభుత్వ సంస్థల లాభాలు వాడుకోవడం కూడా ఉన్నాయి కానీ వాటితో ఎంతోకాలం బండి నడవదు.) పన్ను అంటే ఇవాళ కడతాం. అప్పు అంటే అదే పన్నును వడ్డీతో రేపు కడతాం, కొన్నిసార్లు మన పిల్లలు కడతారు. నోట్లు అచ్చేస్తే ధరలు పెరిగి, దాచుకున్న డబ్బు విలువ పోయి, రసీదు లేకుండానే కట్టేస్తాం. ఈ మూడో పన్ను అన్నిటికంటే అన్యాయమైనది. భూమీ బంగారమూ ఉన్నవాడు తట్టుకుంటాడు. దాచుకున్నదంతా నగదే అయిన కూలివాడు తట్టుకోలేడు.

1955లో రెండో పంచవర్ష ప్రణాళిక తయారవుతున్నప్పుడు, దాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తల బృందంలో బి.ఆర్. షెనాయ్ ఒక్కరే అసమ్మతి పత్రం రాశారు. దేశంలో పొదుపు ఎంత ఉందో దానికి మించి ప్రణాళిక వేస్తే లోటును నోట్లతో పూడ్చాల్సి వస్తుందని, ఆ భారం ధరల రూపంలో జనం మీద పడుతుందని హెచ్చరించారు. ఆయన మాట వినలేదు. కేంద్రానికి ఎప్పుడు డబ్బు తక్కువైతే అప్పుడు రిజర్వు బ్యాంకుకు అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులు రాసిచ్చి డబ్బు తీసుకునే పద్ధతి దశాబ్దాల పాటు నడిచింది. 1997 ఏప్రిల్‌లో గానీ అది పూర్తిగా ఆగలేదు.

ఆగడానికి ముందు 1991 రావలసి వచ్చింది. 1990-91లో కేంద్రం ద్రవ్యలోటు, అంటే రాబడికి మించి పెట్టి అప్పుతో పూడ్చిన ఖర్చు, జీడీపీలో సుమారు 8 శాతం. విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు మాత్రమే సరిపడా మిగిలింది. మేలో స్టేట్ బ్యాంకు ద్వారా 20 టన్నుల బంగారం, పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యాక జులైలో రిజర్వు బ్యాంకు నుంచి మరో 47 టన్నులు విదేశాలకు వెళ్ళాయి. గల్ఫ్ యుద్ధం వల్ల చమురు ధర పెరగడం వంటి కారణాలు వేరే ఉన్నాయి. కానీ ఎనభైలంతా అప్పు చేసి పప్పుకూడు తిన్న ఇల్లు కాబట్టే ఆ దెబ్బకు అంతలా కదిలిపోయింది.

ఇటీవలి లెక్క చూడండి. 2025-26 కేంద్ర బడ్జెట్ అంచనాల్లో మొత్తం ఖర్చు 50.65 లక్షల కోట్లు. అందులో వడ్డీలకే 12.76 లక్షల కోట్లు. కేంద్రానికి మిగిలే పన్నులు, ఇతర రాబడి కలిపిన రెవెన్యూ ఆదాయం 34.20 లక్షల కోట్లతో పోలిస్తే, వచ్చే ప్రతి రూపాయిలో 37 పైసలు పాత అప్పుల వడ్డీకే పోతున్నాయి. ఆ డబ్బుతో ఒక బడి రాదు, ఒక కాలువ రాదు. అసలు తీరదు కూడా.

సొమ్మొకడిది, సోకొకడిది

మన సామెతలో ఉన్నదాన్నే అర్థశాస్త్రం కొంచెం పొడుగ్గా చెబుతుంది. మన డబ్బుతో మనకోసం కొనేటప్పుడు ధరా నాణ్యతా రెండూ చూస్తాం. మన డబ్బుతో ఇంకొకరికి బహుమతి కొంటే ధర చూస్తాం, వాళ్ళకు పనికొస్తుందో లేదో అంతగా చూడం. ఇంకొకరి డబ్బుతో మనకోసం కొంటే నాణ్యత చూస్తాం, ధర చూడం. ఇంకొకరి డబ్బుతో మరొకరి కోసం కొనేటప్పుడు రెండూ చూడాలన్న పట్టింపు సడలిపోతుంది. ప్రభుత్వ కొనుగోళ్ళు ఈ నాలుగో రకం. నిజాయతీ గల అధికారులు లేరని కాదు. వాళ్ళు నిజాయతీగా ఉండడం కోసం ఆడిట్లు, టెండర్లు, విజిలెన్సు అని ఎంత యంత్రాంగం కావాలో చూస్తే తెలుస్తుంది. మన సొంత ఇంటి సరుకులకు అవేమీ అక్కర్లేదు.

దీనికి ఓట్ల లెక్క తోడవుతుంది. ఒక రాయితీ వల్ల పదివేల మందికి తలా లక్ష రూపాయల లాభం వస్తుందనుకుందాం. ఖర్చు వంద కోట్లు. దాన్ని ఐదు కోట్ల మందికి పంచితే తలా ఇరవై రూపాయలు. పదివేల మంది ధర్నా చేస్తారు, మంత్రిని కలుస్తారు, సంఘం పెడతారు. ఇరవై రూపాయల కోసం ఎవరు పని మానుకుని రాజధానికి వెళ్తారు? ఇలాంటివి ఐదు వందలు పోగయ్యాక మనిషికి పదివేలు అవుతుంది, అప్పటికి ఏది ఎక్కడ మొదలైందో ఎవరికీ గుర్తుండదు. ఆర్థికవేత్త జేమ్స్ బుకానన్ వంటివాళ్ళు ఈ తీరును ఏళ్ళ తరబడి పరిశీలించారు. 1986లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అందుకే, ఏ ఖర్చుకు ఆ ఖర్చు మంచిదా చెడ్డదా అని విడివిడిగా చూస్తే సరిపోదు, మొత్తానికి ముందుగానే ఒక గీత గీసుకోవాలి అంటారు ఆ దారిలో ఆలోచించేవాళ్ళు. గీత ఉంటేనే ఇది కావాలా అది కావాలా అని తేల్చుకుంటాం. గీత లేకపోతే రెండూ కావాలంటాం.

పన్ను కట్టేది ఎవరన్న విషయంలో కూడా మనకో పెద్ద భ్రమ ఉంది. ఆదాయపు పన్ను కట్టేవాళ్ళే పన్నుదారులని, మిగతావాళ్ళు తీసుకునేవాళ్ళని టీవీ చర్చల్లో రోజూ వింటుంటాం. పొలం పనికి టీవీఎస్ ఎక్సెల్ మీద వెళ్ళే మనిషి పోయించుకునే పెట్రోలు మీద తెలంగాణలో 35.2 శాతం వ్యాట్ (రాష్ట్రం వేసే అమ్మకపు పన్ను) ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం వ్యాట్, దాని పైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. అంతకంటే ముందే కేంద్రం ఎక్సైజు సుంకం పడి ఉంటుంది. రాష్ట్రం ఆ సుంకం కలిసిన ధర మీద వ్యాట్ వేస్తుంది కాబట్టి పన్ను మీద పన్ను. ఆ కూలికి పాన్ కార్డు లేకపోవచ్చు. తన ఆదాయంతో పోల్చి చూస్తే అతను కట్టేది, కారులో వెళ్ళే ఇంజనీరు పెట్రోలు మీద కట్టేదానికంటే బరువు. ప్రభుత్వ ఖర్చును అదుపులో పెట్టమనే వాదన డబ్బున్నవాళ్ళ వాదన అనేవాళ్ళు ఈ బంకు దగ్గర ఒక అరగంట నిలబడి చూడాలి.

నూటికి తొంభై ఏడు రూపాయల డెబ్బై ఐదు పైసలు

1970ల మొదట్లో మన దేశంలో రెండు లక్షలు దాటిన ఆదాయం మీద పన్ను 85 శాతం, దాని మీద 15 శాతం సర్‌చార్జి. కలిపితే 97.75. అంటే ఆ స్థాయిలో ఇంకో వంద సంపాదిస్తే చేతికి రెండుంబావు మిగులుతుంది. పైన సంపద పన్ను వేరే. రెండూ కలిస్తే కొందరికి ఏడాది ఆదాయం కంటే పన్నే ఎక్కువయ్యే పరిస్థితి.

ఎవరు కట్టారు? చాలామంది కట్టలేదు. రెండో ఖాతా పుస్తకం పెట్టారు. స్థలం రిజిస్ట్రేషన్‌లో తెల్లది ఇంత, నల్లది ఇంత అనే లెక్క మన ఇళ్ళల్లో మామూలు మాట అయింది. పన్ను ఎగవేతను పరిశీలించిన వాంఛూ కమిటీ 1971లో, ఇంత ఎక్కువ రేట్లే ఎగవేతకు మొదటి కారణమని తేల్చి చెప్పింది. 1974లో రేటు 77కు దిగింది, 1976లో 66కు, 1985లో 50కి, 1997లో 30కి. ఆ తర్వాతి ఏళ్ళలో ఆదాయపు పన్ను వసూళ్ళు ఎన్నో రెట్లు పెరిగాయి. పాన్, టీడీఎస్, కంప్యూటర్లు, పెరిగిన ఆర్థిక వ్యవస్థ, వీటన్నిటికీ అందులో పాత్ర ఉంది కాబట్టి ఘనతంతా రేటు తగ్గింపుదే అనడం సరికాదు. 97 శాతం దగ్గర వసూలు కానిది 30 శాతం దగ్గర వసూలైందన్నది మాత్రం కళ్ళముందున్న సంగతి. సంపద పన్ను 2015 దాకా నడిచింది. దాన్ని రద్దు చేస్తూ అరుణ్ జైట్లీ చెప్పిన లెక్క ప్రకారం 2013-14లో దేశం మొత్తం మీద వసూలైంది 1,008 కోట్లు. దాని కోసం ఎంతమంది రిటర్నులు వేశారో, ఎంతమంది అధికారులు వాటిని తిరగేశారో ఊహించుకోవచ్చు.

ఇక్కడ ఈ వాదన చేసేవాళ్ళే ఒక తప్పు చేస్తుంటారు. 97 నుంచి 50కి తగ్గిస్తే ఆదాయం పెరిగింది కదా, 30 నుంచి 20కి తగ్గించినా పెరుగుతుందంటారు. అలా ఏం లేదు. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం 2012లో ఆదాయపు పన్నును బాగా కోసింది, ఖర్చు మాత్రం ఆ మేరకు కోయలేదు. రాబడి పడిపోయింది, బడులకు, రోడ్లకు డబ్బు కరువైంది. 2017లో గవర్నరు వీటోను సైతం కాదని శాసనసభ ఆ కోతల్ని చాలావరకు వెనక్కి తిప్పింది. బ్రిటన్‌లో లిజ్ ట్రస్ ప్రభుత్వం 2022 సెప్టెంబరులో అప్పు మీద పన్ను కోతలు ప్రకటిస్తే ప్రభుత్వ బాండ్ల ధరలు కుప్పకూలి, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రంగంలోకి దిగాల్సి వచ్చింది. అధికారంలోకి వచ్చిన ఏడు వారాలకే ఆ ప్రభుత్వం దిగిపోయింది. పన్ను తగ్గించి ఖర్చు అలాగే ఉంచడం అంటే పన్నును వాయిదా వేయడమే.

రంగా గారు ఏమన్నారు

ఈ ఆలోచన మనకు పరాయిదని చాలామంది అనుకుంటారు. 1959లో స్వతంత్ర పార్టీ పుట్టినప్పుడు దాని అధ్యక్షుడు నిడుబ్రోలు రైతుబిడ్డ ఆచార్య ఎన్.జి. రంగా. రాజాజీ దాని వెనక పెద్దదిక్కు. ఆ ఏడాది జనవరిలో కాంగ్రెస్ నాగపూర్ సభ సహకార వ్యవసాయం తీర్మానం చేసింది. రైతు భూమిని ఉమ్మడి చేస్తే రైతు కూలివాడవుతాడని రంగా కాంగ్రెస్ నుంచి బయటికొచ్చారు. పర్మిట్-లైసెన్స్ రాజ్యం అని రాజాజీ పేరు పెట్టిన వ్యవస్థను, భారీ పన్నులను, లోటు బడ్జెట్లను ఆ పార్టీ ఒకే తాడుకు కట్టి చూసింది. ప్రభుత్వం చేతిలోకి ఎంత డబ్బు వెళ్తే మనిషి బతుకు మీద అంత పెత్తనం వెళ్తుందన్నది దాని వాదన. అంటే లెక్కల గొడవ కంటే ముందు స్వేచ్ఛ గొడవ. 1967లో 44 సీట్లతో లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షమైంది. మహారాజులూ పెట్టుబడిదారులూ పోగైన పార్టీ అన్న ముద్ర మాత్రం పోలేదు. ఆ ముద్రలో కొంత నిజముంది. 1974లో వేరే పార్టీలో కలిసిపోయింది. రంగా అంతకుముందే కాంగ్రెస్‌కు తిరిగి వెళ్ళారు.

ఎదుటి వాదనకు కూడా బలం ఉంది, దాన్ని పక్కకు నెట్టలేం. మన దేశంలో కేంద్రం, రాష్ట్రాలు కలిపి వసూలు చేసే పన్నులు జీడీపీలో 17-18 శాతం. సంపన్న దేశాల సగటు దానికి దాదాపు రెట్టింపు. ప్రభుత్వం డబ్బు పెట్టకపోతే నాగార్జునసాగర్ వచ్చేదా? గుండె ఆపరేషన్ అవసరమైన కూలి ఇంటికి ఆరోగ్యశ్రీ లేకపోతే దిక్కేమిటి? నా వరకు నేను ఈ రెంటినీ ఖర్చు కింద కోయమనను. కోయమనకుండా ఉండాలంటేనే మిగతాచోట్ల గీత కావాలన్నది నా నమ్మకం. ఉన్న డబ్బు వడ్డీకి పోతే ముందు ఆగిపోయేది ఆస్పత్రుల బిల్లులే.

అయితే గీత చట్టంలో రాసుకుంటే చాలదు. 2003లో ప్రభుత్వ లోటుకు హద్దు పెట్టే ఎఫ్ఆర్‌బీఎం చట్టం చేసుకున్నాం. కేంద్రం ద్రవ్యలోటు 3 శాతం దాటకూడదన్నాం. 2007-08లో 2.5కు వచ్చింది. మరుసటి ఏడాదే రైతు రుణమాఫీ, వేతన సవరణ, అంతర్జాతీయ మాంద్యం కలిసి 6కు చేరింది. కరోనా ఏడాది 9 దాటింది. కరోనాను ఎవరూ తప్పుపట్టరు. తప్పు పట్టాల్సింది దాచిన అప్పుల్ని. చమురు కంపెనీలకు ఇవ్వాల్సిన సబ్సిడీకి నగదు బదులు బాండ్లు (తర్వాత చెల్లిస్తామనే అప్పు పత్రాలు) ఇచ్చి ఆ భారం తర్వాతి ప్రభుత్వాల మీద వేశారు. ఆహార సబ్సిడీ డబ్బు ఇవ్వకుండా భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) చేత అప్పు చేయించి లోటును తక్కువ చూపించారు. ఒకటి ఒక కూటమి హయాంలో, రెండోది ఇంకో కూటమి హయాంలో. రాష్ట్రాలూ అదే నేర్చుకున్నాయి. ఎత్తిపోతలకో కార్పొరేషన్, అభివృద్ధికో కార్పొరేషన్. అప్పు దాని పేరు మీద, కిస్తీ ఖజానా నుంచి. 2022 నుంచి కేంద్రం వీటిని కూడా రాష్ట్రాల అప్పుల పరిమితిలో లెక్కేయడం మొదలుపెట్టింది. స్విట్జర్లాండ్‌లో 2001లో సుమారు 85 శాతం ఓటర్లు ఒప్పుకున్న నియమం ఇంకోలా పనిచేస్తుంది. అక్కడ లోటుకు బదులు ఖర్చుకే పరిమితి. ఆర్థిక పరిస్థితిని బట్టి సవరించిన రాబడి ఎంతో అంతే ఖర్చు. దాటితే ఆ మొత్తం ఒక ప్రత్యేక ఖాతాలో పడి, తర్వాతి ఏళ్ళలో ఖర్చు తగ్గించి పూడ్చాల్సిందే. ప్రజలే ఓటేసి పెట్టుకున్న గీత కాబట్టి దాన్ని తీసెయ్యడం ఏ మంత్రికీ సులువు కాదు.

గీత దాటితే కింద ఏం జరుగుతుందో నేను మా పిన్ని కొడుకు ఇంట్లో చూశాను. చిన్న కాంట్రాక్టరు. ఊళ్ళో పద్దెనిమిది లక్షల సీసీ రోడ్డు పని చేశాడు. సిమెంటు షాపులో అరువు, మిగతాది నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. పని అయింది, ఎం.బుక్‌లో (చేసిన పనిని ఇంజనీర్లు కొలిచి రాసే పుస్తకంలో) కొలతలు ఎక్కాయి. "అన్నా, బిల్లు పాసైంది, టోకెన్ కూడా వచ్చింది. డబ్బే పడలేదు" అన్నాడు ఫోన్‌లో. ఆరు నెలలకు అదే మాట. ఏడాదికీ అదే మాట. ఆ టోకెన్ నంబరు వాడికి నోటికొచ్చు. మా పిన్ని గాజులు బ్యాంకులో పెట్టారు. ఆ ఏడాది బడ్జెట్ కాగితాల్లో ఆ రోడ్డు ఖర్చు ఎక్కడా అప్పుగా కనబడదు. నిజానికి ప్రభుత్వం అప్పు చేసింది, మా తమ్ముడి దగ్గర, వడ్డీ లేకుండా.

రెండేళ్ళు దాటాక డబ్బు వచ్చింది. వడ్డీ పోను వాడికి మిగిలింది లేదు, గాజులు మాత్రం ఇంటికొచ్చాయి. వాడిప్పుడు ప్రైవేటు వెంచర్లలో డ్రైనేజీ పనులు చేసుకుంటున్నాడు. పోయిన నెల పక్క ఊళ్ళో కాలువ పనికి టెండరు పిలిచారు. ఒకప్పుడు అలాంటి పనికి నలుగురైదుగురు పోటీపడి లెస్‌కి, అంటే ప్రభుత్వ అంచనా కంటే తక్కువకు, వేసేవాళ్ళు. ఈసారి ఒక్కడే వచ్చాడు, ఎక్సెస్‌కి, అంటే అంచనా కంటే ఎక్కువకు, వేశాడు.